టెట్ పాసైతే కొలువు వచ్చినట్టేనా? మార్కుల లెక్క ఇదీ

టెట్ ఫలితాలు వచ్చిన రోజు చాలా ఇళ్లల్లో మిఠాయి పంచుతారు. రెండు నెలలు గడిచాక అదే ఇంట్లో ఒక ప్రశ్న మొదలవుతుంది. "బిడ్డ పాసైంది కదా, మరి కొలువు ఎందుకు రాలే?"

అమ్మాయి తప్పేమీ లేదు, ప్రభుత్వం మాట తప్పిందీ లేదు. టెట్ అంటే ఉద్యోగ పరీక్ష కాదు, అర్హత పరీక్ష. అయితే మన రాష్ట్రంలో టెట్ మార్కులు అర్హతతోనే ఆగిపోవు. తర్వాత జరిగే డీఎస్సీలో కూడా లెక్కలోకి వస్తాయి. ఈ రెండో సంగతి తెలియక ఎంతోమంది "పాస్ అయ్యాం, చాలు" అనుకుని ఆగిపోతున్నారు. నష్టం ఎంతో తెలిసేది డీఎస్సీ మెరిట్ లిస్టు చూసినప్పుడే.

టెట్‌లో మార్కులు ఎట్లా వేస్తారు, పాస్ గీత ఎవరికి ఎక్కడ ఉంటుంది, ఆ మార్కులు ఎక్కడ పనికొస్తాయి, ముస్లిం కుటుంబాలు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి ఏంటి అన్న వివరాలు ఇవి.

బొగ్గుబాయి సర్టిఫికెట్‌తో పోల్చి చూస్తే

నస్పూర్, శ్రీరాంపూర్ ప్రాంతంలో సర్టిఫికెట్ పరీక్ష అనే మాట కొత్తది కాదు. భూగర్భ గనిలో సర్దార్‌గా, ఓవర్‌మెన్‌గా, మేనేజర్‌గా పనిచేయాలంటే గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎంఎస్ ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. ఇది 1952 గనుల చట్టం, 2017 బొగ్గు గనుల నిబంధనల కింద రూపుదిద్దుకున్న వ్యవస్థ. తన డిస్ట్రిక్టులో గ్యాస్ ఉందా, పైకప్పు గట్టిగా ఉందా అని చూసి మనుషులను లోపలికి పంపే పని సర్దార్‌ది. ఆ పని తెలియని మనిషి చేతిలో షిఫ్టు పెడితే ప్రాణాలు పోతాయి. అందుకే కంపెనీ సొంతంగా "ఇతను చాలు" అనుకుంటే సరిపోదు, బయటి సంస్థ పరీక్ష పెట్టి ధ్రువీకరించాలి.

కానీ డీజీఎంఎస్ సర్టిఫికెట్ చేతికి రాగానే సింగరేణి కొలువు ఇవ్వదు. నోటిఫికేషన్ పడాలి, దరఖాస్తు చేయాలి, ఎంపికలో నెగ్గాలి. సర్టిఫికెట్ ఉంటే గేటు దాకా రావొచ్చు. లోపలికి పోవడానికి ఇంకో పరీక్ష ఉంటుంది.

ప్రతి పరీక్షా రెండు ప్రశ్నల్లో ఏదో ఒకటి అడుగుతుంది. "ఈ మనిషి ఈ పనికి సరిపోతాడా?" అనేది మొదటిది. అక్కడ ఒక గీత ఉంటుంది, దాటినవాళ్లంతా పాసే. "ఉన్న పోస్టులకు ఎవరు ముందు?" అనేది రెండోది. అక్కడ గీత ఉండదు, వరుస ఉంటుంది. డీజీఎంఎస్ సర్టిఫికెట్ మొదటి రకం. డీఎస్సీ రెండో రకం. టెట్ మొదటి రకంగా మొదలై, డీఎస్సీలో వెయిటేజీ రూపంలో రెండో రకంలో కూడా చేరుతుంది. తికమక అంతా అక్కడే.

టెట్ ఎందుకు వచ్చింది

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు చెప్పే టీచర్లకు కనీస అర్హతలు నిర్ణయించే అధికారం జాతీయ ఉపాధ్యాయ విద్యామండలికి, అంటే ఎన్‌సీటీఈకి దక్కింది. ఆ సంస్థ 2010 ఆగస్టు 23న ఇచ్చిన నోటిఫికేషన్‌లో టెట్ పాస్ కావడాన్ని ఆ అర్హతల్లో చేర్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదటి టెట్ 2011 జూలైలో జరిగింది. తెలంగాణ వచ్చాక మొదటి టెట్ 2016 మేలో, తర్వాతిది 2017 జూలైలో జరిగాయి. ఆపైన ఐదేళ్లు పరీక్షే లేదు. 2022 జూన్‌లో మళ్లీ మొదలైంది. 2023 సెప్టెంబర్ దాకా ఓఎంఆర్ షీట్ మీద రాసేవాళ్లు, 2024 నుంచి కంప్యూటర్ మీద. ఏడాదికి రెండుసార్లు టెట్ పెట్టాలని రాష్ట్ర ప్రభుత్వం 2024లో నిర్ణయించింది.

పరీక్ష ఎట్లా ఉంటుంది

టెట్‌లో రెండు పేపర్లు. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చెప్పాలనుకునేవాళ్లకు పేపర్-1. ఆరు నుంచి ఎనిమిది వరకు చెప్పాలనుకునేవాళ్లకు పేపర్-2. అర్హత ఉన్నవాళ్లు రెండూ రాయొచ్చు.

ఏ పేపర్ అయినా 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటల సమయం. నెగెటివ్ మార్కులు లేవు. కాబట్టి తెలియని ప్రశ్నను ఖాళీగా వదలడం వల్ల లాభం లేదు.

పేపర్-1లో ఐదు విభాగాలు, ఒక్కోటి 30 మార్కులు: శిశు వికాసం-పెడగాజీ, మొదటి భాష, రెండో భాషగా ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం. పేపర్-2లో శిశు వికాసం 30, మొదటి భాష 30, ఇంగ్లీషు 30 పోను మిగిలిన 60 మార్కులు గణితం-సైన్స్‌కు, లేదంటే సోషల్ స్టడీస్‌కు.

ఒక్కో విభాగంలో ఇన్ని మార్కులు రావాల్సిందే అన్న నిబంధన లేదు. మొత్తం 150లో ఎన్ని వచ్చాయన్నదే లెక్క. గణితంలో 12 వచ్చి భాషలో 28 వచ్చినా ఫర్వాలేదు. లెక్కలంటే భయపడే పిల్లలకు ఈ మాట ముందే చెబితే సగం బరువు దిగుతుంది.

మొదటి భాషగా తెలుగుతో పాటు ఉర్దూ, హిందీ, మరాఠీ వంటివి కూడా ఎంచుకోవచ్చు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం కాబట్టి ఉర్దూ పెట్టుకుంటే సులువు అనుకుంటే పొరపాటే. పదో తరగతి దాకా ఏ మీడియంలో చదివారు, ఏ భాష చదివారు అన్న షరతు నోటిఫికేషన్‌లో ఉంటుంది. పైగా ప్రశ్నలు మాట్లాడే ఉర్దూ మీద రావు. వ్యాకరణం, సాహిత్యం, బోధనా పద్ధతుల మీద వస్తాయి. తెలుగు మీడియంలో చదివిన అమ్మాయికి తెలుగే నయం.

ఉర్దూ పండిట్, స్కూల్ అసిస్టెంట్ ఉర్దూ పోస్టుల కోసం చూసేవాళ్లు కూడా పేపర్-2లో ఆ 60 మార్కులకు గణితం-సైన్స్ గానీ, సోషల్ గానీ రాయాల్సిందే. భాష ఎంత బాగా వచ్చినా మిగతా సబ్జెక్టులకు టైం కేటాయించకపోతే మొత్తం తగ్గిపోతుంది. భాషా పండితుల్లో ఈ విషయం మీద అసంతృప్తి ఉన్నా, పరీక్ష తీరు మాత్రం అదే.

కీ వచ్చాక ఏం చేయాలి

పరీక్ష అయ్యాక ముందు ప్రాథమిక కీ విడుదలవుతుంది. దాంతో పాటే అభ్యర్థి ఏ ప్రశ్నకు ఏ జవాబు పెట్టాడో చూపే రెస్పాన్స్ షీట్ కూడా వస్తుంది. కీలో తప్పు ఉందనిపిస్తే గడువులోగా ఆన్‌లైన్‌లో అభ్యంతరం చెప్పొచ్చు. వాటిని నిపుణులు పరిశీలించాక తుది కీ వస్తుంది, దాని ప్రకారమే మార్కులు. తుది కీ తర్వాత చేసేదేమీ ఉండదు. గీతకు ఒకటి రెండు మార్కుల దూరంలో ఉన్నవాళ్లు ఆ నాలుగైదు రోజులు నిర్లక్ష్యం చేయొద్దు. రెస్పాన్స్ షీట్‌ను డౌన్‌లోడ్ చేసి దాచుకోవాలి.

పాస్ గీత ఎవరికి ఎక్కడ

ఎన్‌సీటీఈ పెట్టిన గీత 60 శాతం. రిజర్వేషన్ వర్గాలకు రాష్ట్రాలు తగ్గించుకోవచ్చని కూడా అదే చెప్పింది. తెలంగాణలో లెక్క ఇట్లా ఉంది:

జనరల్ వాళ్లకు 60 శాతం, అంటే 150కి 90.
బీసీలకు 50 శాతం, అంటే 75.
ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం, అంటే 60.

ముస్లిం కుటుంబాలకు అసలు మెలిక ఈ రెండో వరుసలో ఉంది. ముస్లింలందరూ బీసీ-ఈ కాదు. 2007 చట్టం ద్వారా వచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్ సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు మాత్రమే. సుప్రీంకోర్టు 2010 మార్చిలో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతోంది. షేక్‌లు, ఖురేషీలు, ఫకీర్లు, హజామ్‌ల వంటివారు బీసీ-ఈలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్ఛీ మెమన్ వంటి వర్గాలను చట్టం మినహాయించింది. దూదేకుల, నూర్‌బాషాలు బీసీ-బీ కిందికి వస్తారు. టెట్ గీత విషయంలో బీసీ-బీ అయినా, బీసీ-ఈ అయినా 75 మార్కులే.

పేరు ముందు "ఎం.డి." అని ఉన్నంత మాత్రాన వర్గం తేలదు. మహ్మద్ అన్నది పేరు, కులం కాదు. తహసీల్దార్ ఇచ్చిన కుల ధ్రువపత్రమే లెక్క.

ఉదాహరణకు ఒక అమ్మాయి దరఖాస్తులో బీసీ-ఈ అని పెట్టింది. 80 మార్కులు వచ్చాయి. ఫలితంలో "క్వాలిఫైడ్" అని వచ్చింది. డీఎస్సీ రాసింది, ర్యాంకు కూడా వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలనలో బీసీ-ఈ పత్రం చూపలేకపోయింది, కుటుంబం పఠాన్ వర్గం కాబట్టి. అప్పుడు ఆమెను జనరల్ గీతతో చూస్తారు. 90 లేవు కాబట్టి టెట్టే పాస్ కానట్టు అవుతుంది. ఇన్నేళ్ల కష్టం ఒక్క కాలమ్ దగ్గర పోతుంది. అందుకే ముందు మీసేవలో కుల ధ్రువపత్రం తెచ్చుకుని, ఆ తర్వాతే దరఖాస్తులో కేటగిరీ నింపాలి. ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి "ముస్లిం అంటే బీసీ-ఈనే కదా ఆపా" అని కొట్టేస్తే ఊరుకోవద్దు.

పాస్ మార్కు వేరు, పనికొచ్చే మార్కు వేరు

ఇక అసలు లెక్క. తెలంగాణ డీఎస్సీలో సెకండరీ గ్రేడ్ టీచర్, స్కూల్ అసిస్టెంట్, లాంగ్వేజ్ పండిట్ పోస్టులకు మొత్తం 100 మార్కులు. అందులో 80 డీఎస్సీ రాతపరీక్షవి, 20 టెట్‌వి. రాతపరీక్షలో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి అర మార్కు. టెట్‌లో వచ్చిన మార్కులను 150 నుంచి 20కి కుదిస్తారు. అంటే టెట్ మార్కులను 20తో గుణించి 150తో భాగించాలి.

టెట్ 75 అయితే డీఎస్సీలో 10 మార్కులు.
90 అయితే 12.
105 అయితే 14.
120 అయితే 16.
135 అయితే 18.

టెట్‌లో ప్రతి 15 మార్కులకు డీఎస్సీలో రెండు మార్కులు. డీఎస్సీలో రెండు మార్కులంటే నాలుగు ప్రశ్నలు.

ఉదాహరణకు ఇద్దరు అమ్మాయిలు ఒకే జిల్లాలో ఒకే పోస్టుకు పోటీ పడ్డారనుకోండి. మొదటి అమ్మాయికి టెట్‌లో 78, డీఎస్సీ రాతపరీక్షలో 58.5. రెండో అమ్మాయికి టెట్‌లో 120, రాతపరీక్షలో 54. డీఎస్సీ ఒక్కటే చూస్తే మొదటి అమ్మాయి తొమ్మిది ప్రశ్నలు ఎక్కువ రాసింది. కానీ మొత్తం లెక్క వేస్తే మొదటి అమ్మాయికి 10.4 కలిపి 68.9. రెండో అమ్మాయికి 16 కలిపి 70. పోస్టు రెండో అమ్మాయిది.

ఇంకో సంగతి. బీసీలకు 75 దగ్గర గీత తగ్గించారు గానీ, 20 మార్కుల వెయిటేజీలో ఎవరికీ రాయితీ లేదు. 75తో పాసైన బీసీ-ఈ అభ్యర్థి 10 మార్కులతోనే పోటీ మొదలుపెట్టాలి. రాయితీ అర్హత వరకే, వరుసలో మార్కులే మాట్లాడతాయి. "మనకు 75 చాలు" అని చదువు ఆపేయడం వల్ల జరిగే నష్టం ఇదే.

టెట్‌లో రాయితీతో పాసైనవాళ్లు ఓపెన్ పోస్టులకు పోటీ పడొచ్చా అని అడిగేవాళ్లూ ఉన్నారు. రాజస్థాన్ టీచర్ల నియామకం మీద 2016లో వచ్చిన కేసులో సుప్రీంకోర్టు, టెట్ రాయితీ కేవలం అర్హతకు సంబంధించినదని, అంతమాత్రాన మెరిట్ ఉన్న అభ్యర్థిని ఓపెన్ పోస్టుల నుంచి తప్పించరాదని చెప్పింది. అది ఆ రాష్ట్ర నియామక నిబంధనల మీద వచ్చిన తీర్పు. ఏ నియామకానికి ఆ నోటిఫికేషన్ నిబంధనలు చూసుకోవాలి.

పీఈటీ, ఫిజికల్ ఎడ్యుకేషన్ స్కూల్ అసిస్టెంట్ పోస్టులకు టెట్ అక్కర్లేదు. వాళ్లకు రాతపరీక్షే 100 మార్కులకు ఉంటుంది.

మళ్లీ రాయడం ఎవరికి లాభం

టెట్ ఎన్నిసార్లయినా రాయొచ్చు. పాసైనవాళ్లు కూడా మార్కులు పెంచుకోవడానికి రాయొచ్చు. రెండోసారి తక్కువ వస్తే పాత మార్కులు ఎక్కడికీ పోవు, ఎక్కువ వచ్చిన వాటినే వాడుకోవచ్చు. ఫీజు, కొన్ని వారాల చదువు తప్ప పోయేది లేదు.

75 నుంచి 95 మధ్య ఉన్నవాళ్లకు మళ్లీ రాయడం చాలా లాభం. 130 దాటినవాళ్లు ఇంకా ఐదు మార్కులు పెంచుకుంటే డీఎస్సీలో వచ్చేది ఒక మార్కు లోపే. వాళ్లు ఆ సమయం డీఎస్సీ సిలబస్ మీద పెట్టుకోవడమే తెలివి.

పాత సర్టిఫికెట్ పారేయొద్దు

మొదట్లో టెట్ సర్టిఫికెట్ ఏడేళ్లే చెల్లేది. 2021లో కేంద్రం దాన్ని జీవితకాలానికి మార్చింది, 2011 నుంచి వర్తించేలా. అంటే 2012లో టెట్ పాసై, పెళ్లి, పిల్లలతో ఆగిపోయిన తల్లి కూడా ఆ సర్టిఫికెట్‌తో ఇవాళ డీఎస్సీకి దరఖాస్తు చేయొచ్చు, వయోపరిమితి, మిగతా అర్హతలు సరిపోతే. బీరువా అడుగున పడి ఉన్న ఆ కాగితం ఒకసారి బయటికి తీసి మార్కులు చూసుకోవడం మంచిది.

అయితే పేర్ల దగ్గర ఇబ్బంది వస్తుంది. పదో తరగతి మెమోలో "షేక్", ఆధార్‌లో "షైక్", టెట్‌లో ఇంటిపేరు లేకుండా, పెళ్లయ్యాక "బేగం" చేరి ఇంకో రకంగా. పరిశీలన రోజున ఈ తేడాలన్నీ బయటపడతాయి. దరఖాస్తులు ఎప్పుడూ పదో తరగతి మెమోలో ఉన్నట్టే నింపాలి. ఆధార్‌ను కూడా దానికి సరిపోయేలా ముందే సవరించుకుంటే పరుగులు తప్పుతాయి.

ఏ పేపర్ ఏ పోస్టుకు

పేపర్-1 పాసైనంత మాత్రాన ఎస్‌జీటీ పోస్టుకు అర్హత రాదు. డీఎడ్, ఇప్పటి మాటలో డీఎల్ఎడ్, ఉండాలి. ఒకటి నుంచి ఐదో తరగతి పోస్టులకు బీఎడ్ అర్హత కాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తేల్చింది. ఇంటర్ అయిన పిల్లలకు ఏ కోర్సు అని ఆలోచించే తల్లిదండ్రులు ఈ తేడా గమనించాలి. ఎస్‌జీటీ కావాలంటే డీఎల్ఎడ్, పేపర్-1. స్కూల్ అసిస్టెంట్ కావాలంటే డిగ్రీ, బీఎడ్, పేపర్-2.

పేపర్-2లో కూడా ఏ 60 మార్కులు రాశారన్నది ముఖ్యం. సోషల్ రాసి పాసైన సర్టిఫికెట్ గణితం స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు పనికిరాదు.

డీఎస్సీలో ఉర్దూ మీడియం పోస్టులు విడిగా ఉంటాయి. వాటికి పదో తరగతి ఉర్దూ మీడియంలో గానీ, ఉర్దూ మొదటి భాషగా గానీ చదివి ఉండాలన్న నియమాన్ని నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ఆ పోస్టుల్లో రిజర్వు అయినవి కొన్ని అభ్యర్థులు దొరక్క ఖాళీగా మిగలడం, వాటిని డీ-రిజర్వు చేయాలన్న డిమాండ్ ఎప్పటినుంచో ఉన్నదే.

పోటీ ఎవరితో

డీఎస్సీ మెరిట్ లిస్టు రాష్ట్రం మొత్తానికి ఒకటే కాదు, జిల్లాల వారీగా వేస్తారు. టీచర్ పోస్టుల్లో 95 శాతం స్థానికులవి. స్థానికత అంటే ఇప్పుడు ఉంటున్న ఇల్లు కాదు. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఏడేళ్లలో నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివారో అదే.

సింగరేణి కుటుంబాలకు ఇది పెద్ద విషయం. అబ్బా గోదావరిఖనిలో పనిచేసినప్పుడు పిల్ల అక్కడ ఐదో తరగతి దాకా చదివింది, తర్వాత శ్రీరాంపూర్‌కు బదిలీ అయ్యి నస్పూర్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఆ పిల్ల పెద్దపల్లి జిల్లా స్థానికురాలు అవుతుంది, మంచిర్యాల కాదు. అదే బెల్లంపల్లి, మందమర్రి నుంచి వచ్చినవాళ్లకు ఇబ్బంది లేదు, అవి మంచిర్యాల జిల్లాలోవే. స్టడీ సర్టిఫికెట్లు ముందే తెచ్చుకుని లెక్క చూసుకోవాలి.

2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు ఫిబ్రవరి 29న నోటిఫికేషన్ వచ్చింది. పరీక్షలు జూలై 18 నుంచి ఆగస్టు 5 దాకా కంప్యూటర్ మీద జరిగాయి. సెప్టెంబర్ 30న ఫలితాలు, ఆ వెంటనే ఒక్కో పోస్టుకు ముగ్గురి చొప్పున సర్టిఫికెట్ల పరిశీలన, అక్టోబర్ 9న నియామక పత్రాలు. ఫలితాలకూ పరిశీలనకూ మధ్య దొరికింది గంటలే. కుల ధ్రువపత్రం, నాన్ క్రీమీలేయర్, స్టడీ సర్టిఫికెట్ల కోసం అప్పుడు తహసీల్దార్ ఆఫీసుకు పరుగెత్తితే అందవు. బీసీ-ఈలోకి రాని సయ్యద్, పఠాన్ కుటుంబాలు ఆదాయం పరిమితిలో ఉంటే ఉద్యోగాల్లో పది శాతం ఈడబ్ల్యూఎస్ కోటాకు దరఖాస్తు చేయొచ్చు. ఆ సర్టిఫికెట్ కూడా సిద్ధంగా ఉండాలి.

నార్మలైజేషన్ అంటే

ఒకే పోస్టుకు పరీక్ష వేర్వేరు రోజుల్లో, వేర్వేరు ప్రశ్నపత్రాలతో జరిగితే ఒక షిఫ్టు కష్టంగా, ఇంకోటి తేలికగా ఉండొచ్చు. ఆ తేడా సర్దడానికి వాడే లెక్కే నార్మలైజేషన్. షిఫ్టులో అందరి సగటు ఎంత, పైవరుస వాళ్ల మార్కులు ఎంత అని చూసి, కష్టమైన షిఫ్టు వాళ్లకు కొంత కలుస్తుంది, తేలికైన షిఫ్టు వాళ్లకు కొంత తగ్గొచ్చు. ఈఏపీసెట్ రాసిన పిల్లలున్న ఇళ్లకు ఈ మాట అలవాటే. కీ చూసి తామే లెక్కేసుకున్న మార్కులకూ, ఫలితంలో వచ్చిన మార్కులకూ తేడా ఉంటే వెంటనే అన్యాయం జరిగిందని అనుకోవద్దు. నోటిఫికేషన్‌లో నార్మలైజేషన్ పేరా ఉందేమో చూడాలి.

ఇప్పటికే టీచర్లుగా ఉన్నవాళ్ల సంగతి

2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సర్వీసులో ఉన్న టీచర్లను కూడా టెట్ కిందికి తెచ్చింది. విద్యాహక్కు చట్టానికి ముందు చేరినవాళ్లయినా, రిటైర్మెంట్‌కు ఐదేళ్లకు మించి సర్వీసు ఉంటే రెండేళ్లలో టెట్ పాస్ కావాలి. ఐదేళ్లలోపు ఉన్నవాళ్లు టెట్ లేకుండానే కొనసాగొచ్చు గానీ, ప్రమోషన్ కావాలంటే పాస్ కావాల్సిందే.

మైనారిటీ విద్యాసంస్థల సంగతి వేరు. వాటికి విద్యాహక్కు చట్టం వర్తించదని 2014లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ అభిప్రాయాన్ని మళ్లీ పరిశీలించాలని 2025 తీర్పు ఆ ప్రశ్నను విస్తృత ధర్మాసనం ముందు పెట్టాలని పంపింది. మైనారిటీ స్కూళ్లలో పనిచేసే ఆపాలు, సార్లు "మాకు అక్కర్లేదు" అని గట్టిగా అనుకోవడం కన్నా, అవకాశం ఉన్నప్పుడే రాసి పెట్టుకోవడం క్షేమం. సర్వీసులో ఉన్నవాళ్లకు కావాల్సింది గీత దాటడమే, వెయిటేజీ గొడవ లేదు.

తరచుగా వచ్చే ప్రశ్నలు

సీటెట్ రాస్తే చాలా? సీబీఎస్ఈ పెట్టే సీటెట్ కేంద్రీయ విద్యాలయాలు, నవోదయాల వంటి వాటికి అవసరం. అందులో కూడా 150 మార్కులు, 60 శాతం గీత, ఉర్దూ భాష ఎంచుకునే వీలు ఉన్నాయి. రాష్ట్ర డీఎస్సీలో దాన్ని వాడుకోవాలనుకునేవాళ్లు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో వెయిటేజీ పేరా చదువుకోవాలి.

టెట్ మార్కు ఎక్కువ వస్తే మంచి టీచర్ అన్నట్టేనా? కాదు. కొన్ని విషయాల్లో కనీస జ్ఞానం ఉందని మాత్రమే అది చెబుతుంది. క్లాసులో పిల్లల ముందు నిలబడే తీరు 150 ప్రశ్నల్లో తేలదు. అలాగే 85 వచ్చి గీత దాటనివాళ్లు చేతకానివాళ్లూ కాదు.

ప్రైవేటు స్కూల్లో చెబుతూ టెట్ రాయొచ్చా? రాయొచ్చు. ఏ ఉద్యోగంలో ఉన్నా టెట్‌కు అడ్డు లేదు.

ఇంట్లో చేసుకోవాల్సిన పని

ఈ వారంలో చేసుకోగలిగినవి నాలుగే. టెట్ మార్కులను 20తో గుణించి 150తో భాగించి, ఎంత వస్తుందో కాగితం మీద రాసుకోవాలి. కుల ధ్రువపత్రం బీసీ-ఈనా, బీసీ-బీనా, అసలు ఉందా అన్నది చూడాలి. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు ఒకచోట పెట్టుకోవాలి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు ఒకటేనా అని సరిచూసుకోవాలి. జిల్లా కలెక్టరేట్ నస్పూర్‌లోనే ఉంది, దూరం అన్న సాకు కూడా లేదు.

కాగితం మీద వచ్చిన అంకె 12 కన్నా తక్కువైతే, వచ్చే టెట్‌కు ఫీజు కట్టి మళ్లీ కూర్చోవడమే మంచిది. పాసైన పరీక్ష మళ్లీ రాయడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.